ఆశ్రయ ట్రైబ్యునల్ న్యాయవాది (బ్రిటన్)

ఆశ్రయాన్ని లేదా మానవ హక్కుల ఆధారంగా కోరిన నివాసాన్ని బ్రిటన్ హోం శాఖ నిరాకరించినప్పుడు, ఆ నిర్ణయంపై ప్రాథమిక ట్రైబ్యునల్‌లోని వలస, ఆశ్రయ విభాగంలో అప్పీలు నడిపే న్యాయవాది ఇతడు. 2010లో ఏర్పడిన ఈ విభాగంలో, దేశంలో ఉన్నవారు సాధారణంగా 14 రోజుల్లో, వెలుపల ఉన్నవారు 28 రోజుల్లో అప్పీలు వేయాలి. 2014 నాటి వలస చట్టం అప్పీలు హక్కును బాగా కుదించినందున, విద్యార్థి, ఉద్యోగ వీసాల తిరస్కరణకు అధికారుల పునఃపరిశీలనే సాధారణ మార్గం. అక్కడికి వెళ్లే తెలుగు విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది.

వాదనకన్నా ముందస్తు తయారీయే ఈ వృత్తిలో బరువైన పని. ప్రాణభయంతో వచ్చినవారి వద్ద పత్రాలు తరచుగా ఉండవు కనుక వారి వాంగ్మూలమే ప్రధాన సాక్ష్యమవుతుంది. హోం శాఖ ఇంటర్వ్యూలో చెప్పినదానికీ దీనికీ తేడా కనిపిస్తే, అది దుబాసీ పొరపాటైనా, హింస మిగిల్చిన మతిమరుపైనా, విశ్వసనీయతకే దెబ్బ. అందువల్ల న్యాయవాది వాంగ్మూలాన్ని కక్షిదారు భాషలో చదివించి సరిచూసి, గాయాలపై వైద్య నివేదికను, స్వదేశ పరిస్థితులపై నిపుణుల అభిప్రాయాన్ని సేకరించి, వాదనల సారాంశ పత్రంతో విచారణకు ముందే దాఖలు చేస్తాడు. ఓడితే, అనుమతి పొంది, తీర్పులోని న్యాయపరమైన దోషంపై మాత్రమే ఉన్నత ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు.