అరుగుమీది అయ్యవారు

ఆశ్వయుజ మాసమున శరన్నవరాత్రములు ప్రవేశించినంతనే తెలుగునాటి పల్లెలయందు ఒక విలక్షణమైన ఊరేగింపు వీధి వీధిని కానవచ్చుచుండెడిది. రంగుకాగితములు చుట్టిన విల్లంబులను చేతబట్టి, పూరేకులును బుక్కాయును చిమ్ముచు, కంఠస్థము చేసిన దసరా పద్యములను గొంతెత్తి పాడుచు బడిపిల్లలు ముందు నడువగా, ఉతికి మడచిన కండువాను భుజమున వైచికొని, కొంత బిడియముతోను కొంత దర్పముతోను వారి పంతులు వెనుక నడచుచుండెడివాడు. ప్రతి గడపయొద్దను ఊరేగింపు నిలిచెడిది. పిల్లలకు పప్పుబెల్లములును, పంతులునకు ఇంటి తాహతును బట్టి రొక్కమో, ధాన్యమో, కొత్త పంచెల చాపో ముట్టెడివి. ఈ యాచారమును మర్యాదగల భిక్షాటనమని వెక్కిరించిన నవనాగరకులు లేకపోలేదు. నాకు మాత్రము అందు వేఱొక ప్రయోజనము తోచుచున్నది. సంవత్సరమున కొక్కమాఱైనను గురువు శిష్యుని గడప త్రొక్కి, ఏ దీపము వెలుతురున ఆ పిల్లవాడు ఎక్కములు వల్లించుచున్నాడో కన్నులార చూచుటకును, ఆ యింటి పెద్దలు తమ బిడ్డను ఎవని చేతిలో పెట్టితిమో ఆ మనుష్యుని తేఱిపాఱ చూచుటకును అది యొక యవకాశము. ఊరును బడియు ఒకదానినొకటి ఎఱుగుటకు మన పూర్వులు ఏర్పఱచుకొన్న పద్ధతులలో ఇది మిక్కిలి సందడి గలది. ఇది యొక్కటియే కాదు.

ఆ మనుష్యుని తెలుగువారు పిలిచిన పేళ్లయందే కొంత చరిత్ర యిమిడియున్నది. సంస్కృతపు ఉపాధ్యాయ శబ్దము ప్రాకృతముల నోట నలిగి నలిగి మనయొద్దకు వచ్చునప్పటికి 'ఒజ్జ' యైనది. ఒజ్జ వ్రాసి చూపిన మేలుబంతి 'ఒజ్జబంతి'. దానికే 'ఒరవడి' యనియు పేరు కలదు. శిష్యుడు ఆ ఒరవడిమీద చేయి త్రిప్పి త్రిప్పి తన దస్తూరిని దిద్దుకొనెడివాడు. 'పంతులు' అను మాట బడికి మాత్రమే చెందినది కాదు. కచ్చేరీలలో లెక్కలు వ్రాసిన ఉద్యోగుల పేళ్ల చివరను అది బిరుదమై నిలిచినది. కందుకూరి వీరేశలింగము గారి విషయమున ఈ రెండర్థములును ఒకచోట కూడినవి: ఇంటి పరంపరచే ఆయన పంతులు, జీవనవృత్తిచేతను పంతులే. రాయలసీమలో 'అయివారు', కోస్తాలో 'అయ్యవారు' అని జనులు పిలుచునప్పుడు బిరుదము కంటె చనవు ఎక్కువ వినబడును. ఈ పిలుపునకు ఇంటిపేరుతో పని లేదు. ఊరికి అయ్యవారు ఒక్కడే గనుక.

ఆ యొక్కడు ఊరికి వచ్చుట యెట్లు? ఎవరును పంపగా వచ్చుట లేదు. కరణమో, పెద్దరైతో, షాహుకారో తన వీధియరుగు చూపి, తన పిల్లలతో పాటు ఇరుగుపొరుగు పిల్లలను కూర్చి, ఇంటికింతయని జీతము మాటలాడి ఆయనను నిలుపుకొనెడివాడు. నేడు జీతమనగా యజమాని నౌకరున కిచ్చునది. ఆనాడు బడిజీతమనగా పిల్లవాని తండ్రి అయ్యవారికి చెల్లించునది. అది చేతికి అందకున్న నెలలలో స్వయంపాకములు, తద్దినపు తాంబూలములు, పుస్తకారంభపు కానుకలు ఆయన సంసారమును గట్టెక్కించెడివి. కావున పంతులునకు ఊరి పంటయును, ఊరికి పంతులు వంటయును పరస్పరము తెలిసియుండెడివి.

ఇట్టి బడులు ఎన్ని యుండెనో లెక్కించి చూడవలెనన్న తలంపు కలిగిన తొలి పాలకుడు సర్ థామస్ మన్రో. 1800లో నైజాము ఇంగ్లీషువారికి వదలుకొన్న దత్తమండలములను ఏడేండ్లు కలెక్టరుగా పాలించి, గ్రామముల గుట్టు తెలిసికొన్న యీతడు, తరువాత మద్రాసు గవర్నరై, 1822 జూన్ 25వ తేదీని కలెక్టర్లందఱిని తమ జిల్లాలలోని పాఠశాలల పట్టికలు పంపుడని కోరెను. పట్టికలన్నియు వచ్చి చేరునప్పటికి మూడేండ్లు గడచినవి. 1826 మార్చిలో ఆయన తేల్చిన మొత్తము ఇది: మద్రాసు ప్రెసిడెన్సీ యంతటను 1,28,50,941 మంది జనమునకు 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు. వేయిమందికి ఒక బడి చొప్పున ఉన్నదన్నమాట.

ఆ నివేదికలలో చదువదగినది బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టున వ్రాసి పంపినది. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్లారి జిల్లాలోనిదే. ఈ కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించి ప్రకటించినవాడు. అందుచే ఇతర కలెక్టర్లు పలువురు అంకెలతోనే సరిపెట్టగా, ఇతడు అరుగుయొద్దకు వెళ్లి నిలిచి చూచినట్లు వ్రాసెను. ఆయన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అనగా సగటున బడికి పండ్రెండుగురు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. మిగిలినవి మరాఠీ, పారసీ, సంస్కృతము మొదలగునవి. వీనిలో ఒక్కదానికైనను సర్కారు సాయము లేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నానని ఆయన ఒప్పుకొనెను.

బిడ్డకు అయిదవ యేడు రాగానే జరుగు వేడుకను కాంబెల్ వర్ణించిన తీరు మన ప్రస్తుతాంశమునకు ప్రాణము వంటిది. పిల్లవానిని బడికి కొనిపోవుటకు ముందు బడియే పిల్లవాని యింటికి వచ్చెడిది! శుభదినమున అయ్యవారును, బడిలోని పిల్లలందఱును ఆ యింటికి ఆహ్వానింపబడి, గణపతి ప్రతిమ చుట్టును కూర్చుండెడివారు; క్రొత్త శిష్యుడు ప్రతిమ కెదురుగా, వాని ప్రక్కను అయ్యవారు. ధూపదీప నైవేద్యములైన పిదప, విద్య నిమ్మని విఘ్నేశ్వరుని వేడుకొను ప్రార్థనను పిల్లవానిచేత పలికించి, వాని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవతానామములు వ్రాయించి, అయ్యవారు కానుకతో సెలవు తీసికొనెడివాడు. చదువు మొదలగుట మఱునాడు. భయపడు పసివానికి, రేపు తాను కూర్చుండబోవు చాపమీది ముఖములన్నియు నేడే తన యింట తినుచు, నవ్వుచు కనబడుట ఎంతటి ఊఱటయో యోచింపుడు. క్రొత్త పిల్లలను మచ్చిక చేసికొనుటకు నేటి శిక్షణకళాశాలలు బోధించు విధానములలో ఇంతకన్న సూక్ష్మమైనది నేను చూడలేదు.

మఱునాటి ఉదయము ఆరు గంటలకు బడి. అందఱి కంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయబడెడిది. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లనైన దెబ్బ యొకటి, నాలుగవవానికి రెండు, ఆ మీద వచ్చినవారికి వరుసగా హెచ్చును. అటుపై ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, తరువాత తాటాకుమీద గంటము, లేదా బొగ్గుపొడి పూసిన బట్టమడతల కడితముమీద బలపము. అయ్యవారొక్కడే యైనను బడిలో శ్రేణులు ఇంచుమించు నాలుగు. క్రింది శ్రేణులకు పెద్దపిల్లలే గురువులు, పై శ్రేణికి తాను చెప్పుచు తక్కినవారిపై నొక కన్ను వేసియుంచుట అయ్యవారి నేర్పు. కావున ఆనాటి బడికి 'సిబ్బంది' యెవరనగా ఒక బోధకుడును, మీసము మొలవని నలుగురైదుగురు ఉపబోధకులును. పిల్లవానికి పిల్లవాడే చదువు చెప్పు ఈ పద్ధతి సముద్రము దాటిన కథ వింతయైనది. 1789లో మద్రాసు ఎగ్మూరునందలి అనాథబాలుర ఆశ్రమమున ఉద్యోగమున ప్రవేశించిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, దేశీయపు బడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుట చూచి, దానిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించి, స్వదేశమునకు మరలి 1797లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండున అది 'మద్రాసు పద్ధతి' యని పేరొందెను. మన అరుగుమీది యొరవడిని వారు దిద్దుకొనిరి. దానినే మనము శతాబ్దియైన గడువకమునుపే పాతబడినదని చెఱిపివేసితిమి.

ఐనను ఆ యరుగును పూజాపీఠముగా చేయుటకు నా మనస్సొప్పదు. కాంబెల్ పట్టికలోని 6,641 మందిలో బాలికలు 60 మందియే. అరుగెక్కనీయని కులముల పిల్లలకు దసరా ఊరేగింపు దూరమునుండి చూచుటకు మాత్రమే వేడుక. అయ్యవారు వారి గడప త్రొక్కలేదు, వారాయన యరుగు త్రొక్కలేదు. ఎక్కనిచ్చినవారికి సైతము శిక్షలు సామాన్యములు కావు. రెండు చేతులను త్రాటికి కట్టి దూలమునుండి వ్రేలాడదీయుటను, ఎడతెగక గుంజీలు తీయించుటను కాంబెల్ స్వయముగా పేర్కొనెను. మొదటిదానికే మనవారు 'కోదండము' అని రామాయణపు పేరు పెట్టుకొని ముచ్చటపడిరి. వల్లించిన పద్యముల యర్థము పిల్లవానికే గాక తఱచుగా పంతులునకును తెలియదని, చిలుకపలుకుల యందును వానియందును భేదము లేదని ఆయన ఆక్షేపించెను. ఈ యాక్షేపణ నిరాధారమని త్రోసివేయలేము.

1855లో మద్రాసున విద్యాశాఖ యేర్పడి అలెగ్జాండర్ అర్బత్‌నాట్ తొలి డైరెక్టరైన పిమ్మట, ఊరికిని బడికిని గల పరిచయము మెల్లమెల్లగా వేఱు దారి పట్టెను. పరీక్షా ఫలితములను బట్టి వీధిబడులకు గ్రాంటు లిచ్చు నియమము రాగా, ఏడాది పొడుగున ఊరు చూచిన పనిని, ఒక్కదినము గుఱ్ఱముమీదనో బండిమీదనో దిగిన ఇన్‌స్పెక్టరు చూచి వెల కట్టనారంభించెను. పంతులునకు ఇక భయము కరణము గారివలన కాదు, ఆ తలపాగావలన. 1871, 1884 సంవత్సరముల స్థానిక చట్టముల వెనుక బోర్డు బడులు హెచ్చినకొలది అరుగు పోయి భవనమును, అయ్యవారు పోయి హెడ్‌మాస్టరును, అసిస్టెంట్లును, డ్రిల్లు మాస్టరును, బంట్రోతును వచ్చిరి. వీరందఱికి కలిపి మనము 'సిబ్బంది' యను పేరు పెట్టితిమి. ఆ మాట చరిత్ర తెలిసినచో పంతుళ్లు నవ్వుకొందురు. పారసీకపు 'సిహ్‌బందీ' మరాఠీల మీదుగా మనకు చేరినది. శిస్తు వసూలునకై తహశీలుదార్లు పెట్టుకొను తాత్కాలికపు బంట్లకు అది పేరు! వీరితో పాటు 'బదిలీ' యను మాటయు బడికి వచ్చినది. అరుగుమీది అయ్యవారు ఊరితో తగవు వచ్చినగాని కదలెడివాడు కాడు. బోర్డు మాస్టరు ఊరివారికి ముఖపరిచయమగు లోపలనే తాకీదు వచ్చి పెట్టె సర్దుకొనెడివాడు.

ఇన్‌స్పెక్టర్ల వలన కీడే కలిగెననుట అన్యాయము. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఉత్తరసర్కారులకు వచ్చిన జె. ఏ. యేట్సు, తెలుగు తరగతులలో పిల్లలు నోట పలుకు భాష యొకటి, పుస్తకమున చదువు భాష యొకటి యగుట చూచి విస్మయమంది, ఇది యేమని అడుగసాగెను. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరి ఉపాధ్యాయవృత్తిలోనే పండిన గిడుగు రామమూర్తి పంతులు గారు, విజయనగరమున గురజాడ అప్పారావు గారు, విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాసయ్యంగారు ఆ ప్రశ్నను చేకొని వ్యావహారిక భాషోద్యమమును నడపిరి. వారి విజయమును పొగడు ఈ వాక్యమును గ్రాంథికమున వ్రాయుచున్నందుకు గిడుగువారి యాత్మ నన్ను క్షమించుగాక, అలవాటు బలీయము.

నైజాము తెలంగాణములో కథ మఱింత కటువైనది. అచ్చట సర్కారు బడి యనగా ఉర్దూ బడి. తెలుగు నేర్వగోరువారు ఊరివారే నడుపుకొను 'ఖాన్గీ' బడులను ఆశ్రయింపవలసి యుండెను; 1920 దశకమున వానిని తెఱచుటకు సర్కారు అనుమతి కావలెనన్న నిబంధన వచ్చి మెడకు ఉరియైనది. అందుచే ఖాన్గీ పంతులు ఊరివారికి బోధకుడే కాదు, రహస్యమున కాపాడుకొనవలసిన ఆప్తుడు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదున బాలికలకు తెలుగు పాఠశాలను నెలకొల్పుటయు, 1930లో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతను జోగిపేటలో ఆంధ్రమహాసభ తొలిసారి కూడుటయు ఈ యిఱుకు నడుమనే జరిగినవి.

నా బాల్యము బోర్డు బడిలో గడచినది. గంటకు బదులు వేపకొమ్మకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్క యుండెడిది. దానిని మ్రోగించు హక్కు బంట్రోతుది. నేనున్న ఆఱేండ్లలో హెడ్‌మాస్టర్లు నలుగురు మాఱిరి, బంట్రోతు మాఱలేదు. దసరాకు విల్లంబులు పట్టుట అప్పటికే తగ్గినది. పట్టిన ఏడును మాస్టరు వెంట రాక, జాబితా వ్రాసి బంట్రోతును పంపెడివాడు. క్రొత్త హెడ్‌మాస్టరు దిగెనన్న మాట పొక్కిన దినమున, చెఱువుగట్టుమీద బిందెలు దించి ఆడువారు ఆ ముసలివానినే చుట్టుముట్టెడివారు.

"ఏం తాతా, కొత్తాయన కొట్టే మడిసేనా?" అని యొకతె యడిగెడిది.

"ఇంకా పెట్టే విప్పలేదమ్మా," అనెడివాడు వాడు, చుట్ట వెలిగించుకొనుచు. "బెత్తం కనపడితే చెబుతాలే."