మునగాల పరగణా పండగ వంటలు

సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం, మునగాల, కోదాడ ప్రాంతపు ఊళ్లలో పండగలకు ఇంట్లో వండుకునే పిండివంటలు, కలిపిన అన్నాలు, మాంసపు కూరలు ఈ వ్యాసానికి విషయం. అరిసెలు, సకినాలు, గరిజెలు, భక్ష్యాలు, గారెలు, బతుకమ్మ సద్దులు, మలీద వీటిలో ముఖ్యమైనవి. వీటిలో చాలావరకు తెలుగునాట అంతటా ఉన్నవే. అయినా ఈ ప్రాంతం గురించి విడిగా రాయడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి సరిహద్దు, రెండోది నీళ్లు. వంట మీద సరిహద్దు కన్నా నీళ్ల ప్రభావమే ఎక్కువ.

రెండు రాజ్యాల మధ్య

నడిగూడెం మునగాల జమీందారుల కోట ఉన్న ఊరు. జమీందారు నాయని వెంకట రంగారావు (1879–1958) దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడయ్యాడు.  ఈ జమీందారీ ఊళ్లే మునగాల పరగణా. దాని చుట్టూ అప్పట్లో నైజాం రాజ్యం. పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లాకు చెందింది. పొలిమేర దాటితే నైజాం నాణెమైన హాలీ సిక్కా చెల్లేది, సరుకు దాటితే కరోడ్గిరి సుంకం పడేది. 1959లో పరగణాను నల్లగొండ జిల్లాలో కలిపారు. 2016 అక్టోబరు 11 నుంచి ఇది సూర్యాపేట జిల్లాలో ఉంది.

సుంకం వంటకు అడ్డు కాలేదు. సంబంధాలు రెండు వైపులా కలుపుకునేవారు, కోడలితోపాటు ఆమె పుట్టింటి వంటా వచ్చేది. అందుకే ఉగాదికి బొబ్బట్లు చేశామనేవాళ్లూ భక్ష్యాలు చేశామనేవాళ్లూ ఇక్కడ ఇరుగుపొరుగున కనిపిస్తారు. వంటకం ఒకటే. గారెల సంగతి అలా కాదు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల గారెలంటే బియ్యప్పిండిని చేత్తో ఒత్తి కాల్చే కరకరలాడే బిళ్లలు. కృష్ణా వైపు వాళ్లకు గారె మినప్పప్పు రుబ్బి, నడుమ తూటు పెట్టి వేసేది. గారెలు చేయమని కొత్త కోడలికి చెప్పే అత్తగారు ఏ గారెలో కూడా చెప్పక తప్పదు. పండగ తేదీలోనూ తేడా ఉంది. పుట్టలో పాలు పోయడం తెలంగాణలో శ్రావణ పంచమికి, కృష్ణా వైపు కార్తీక చవితికి. చలిమిడి, నువ్వుల చిమ్మిలి రెండు ఆచారాల్లోనూ ఉన్నాయి.

వరి అన్నమే పండగ

ఈ వంటల చరిత్రలో అసలు సంగతి ఒకటే: ఒకప్పుడు ఇక్కడ వరి అన్నం తినడమే పండగ. చెరువుల కింద, బావుల కింద పండే కొద్దిపాటి వరి తప్ప తక్కినవన్నీ మెట్ట పైర్లు. జొన్న, సజ్జ, కంది, పెసర, నువ్వులు, ఆముదం పండేవి. రోజువారీ తిండి జొన్నరొట్టె, గటక, అంబలి. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న పల్నాటిలో సన్నన్నం దొరక్క జొన్నకూడు తినాల్సి వచ్చిందని శ్రీనాథుడు వాపోయినట్టు చాటువులు ప్రచారంలో ఉన్నాయి. అవి ఆయనవే అయినా కాకపోయినా మెట్టసీమ తిండిని సరిగ్గానే చెప్పాయి. తెలుగువాళ్ల తిండి చరిత్రను పాత కావ్యాల నుంచి ఏరి కూర్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) చదివితే, ధాన్యాన్ని బట్టి మనిషి హోదాను లెక్కగట్టే అలవాటు ఎంత పాతదో తెలుస్తుంది.

ఈ దృష్టితో చూస్తే పండగ వంటల్లో ఎక్కువ భాగం బియ్యంతోనే ఎందుకు చేస్తారో అర్థమవుతుంది. అరిసె, సకినం, ఉండ్రాళ్లు, పులిహోర, పరమాన్నం, పెరుగన్నం అన్నీ బియ్యానివే. ఏడాదంతా దాచిన బియ్యాన్ని పండగ రోజుల్లో ధారాళంగా వాడేవారు. మెట్ట ధాన్యానికీ పండగలో చోటుంది, కాస్త చిన్న చోటు. తొలి ఏకాదశికి జొన్నపేలాలను దంచి బెల్లం కలిపిన పేలపిండి, సంక్రాంతికి సజ్జ బూరెలు, వేడి రొట్టెను చిదిపి బెల్లం, నెయ్యి పట్టించిన మలీద అలాంటివే. మలీద బతుకమ్మకూ ఉంటుంది, పీర్ల పండక్కీ ఉంటుంది. మొహర్రంలో పీర్లకు నైవేద్యం పెట్టేవాళ్లలో హిందువులూ చాలామందే.

సకినం, అరిసె

సకినాలకు కొత్త బియ్యం మేలంటారు. పిండికి జిగి ఉంటుంది. బియ్యాన్ని రాత్రి నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లిస్తారు. అందులో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్లతో కలుపుతారు. ఆ పిండిని వేళ్ల మధ్య సన్నగా పురి తిప్పుతూ, పరిచిన గుడ్డ మీద మూడు నాలుగు చుట్లుగా పెడతారు. గుడ్డ తడి పీల్చుకున్నాక వాటిని నూనెలోకి జారుస్తారు. మురుకులకు గొట్టం ఉంది, సకినానికి మాత్రం వేళ్లే ఆధారం. చుట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి వాడకట్టులోని ఆడవాళ్లు ఇవాళ ఒకరింట్లో, రేపు మరొకరింట్లో కూర్చుంటారు. ఆడపిల్లకు పంపే సారెలో సకినాలు లేకపోతే చిన్నతనం.

అరిసెకు బియ్యం నానబెట్టడం, దంచడం దాకా పద్ధతి అదే. కిటుకంతా పాకంలో ఉంది. బెల్లం పాకం చుక్కను నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. పాకం ముదిరితే అరిసె రాయవుతుంది, లేతదైతే నూనెలో విడిపోతుంది. పాకంలో పిండి పోస్తున్నప్పుడు తెడ్డు తిప్పే మనిషి ఆగకూడదు. ఆ కాస్త సేపూ ఇంట్లో బలమున్న మగవాడికి పని తగులుతుంది, ఏడాదికి ఒక్కసారైనా. కాలిన అరిసెను రెండు చెక్కల నడుమ నొక్కి నూనె కారుస్తారు.

ఆ నూనె కూడా కాలంతోపాటు మారింది. వేరుశనగ మన దేశంలో విరివిగా సాగులోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే. అంతకుముందు పిండివంటలకు నువ్వుల నూనె, కుసుమ నూనె, ఉన్నవాళ్లింట్లో నెయ్యి వాడేవారు. పాతకాలపు పిండివంట అంటే పల్లినూనె వాసన గుర్తొచ్చే పెద్దవాళ్లు ఉన్నారు గానీ ఆ పాతదనం మరీ పాతదేం కాదు.

సద్దులు, యాటలు

బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లలో చాలావరకు వంటింటి పేర్లే: అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ. ఆ రోజు చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం, పెరుగన్నం కలిపి చెరువుగట్టుకు తీసుకెళ్తారు. బతుకమ్మను నీళ్లలో వదిలాక, నువ్వులు, పల్లీలు వేయించి దంచి తీపి కలిపిన పొడులతోపాటు పంచుకుంటారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండగగా ప్రకటించింది.

పండగ వంట అనగానే తీపి మాత్రమే రాసే అలవాటు ఒకటుంది. అది సగం చరిత్రే. దసరాకు ఇక్కడ చాలా ఇళ్లలో యాటకూర (మేక లేదా గొర్రె మాంసపు కూర) ఉండాల్సిందే, దానికి తోడు అలసంద గారెలు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. యాదవులు ముందుండి నడిపే ఆ జాతరకు వచ్చినవాళ్లు గుట్ట చుట్టూ పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుంటారు.

యాట విషయంలో చేదు చరిత్ర కూడా ఉంది. నైజాం ఇలాకాలో దొరల ఇళ్లలో పండగ వస్తే గొల్లలు గొర్రెలను, కుమ్మరులు కుండలను, గీతకార్మికులు కల్లును వెట్టిగా ఇచ్చుకోవాల్సి వచ్చేది. పుచ్చలపల్లి సుందరయ్య వీర తెలంగాణ పోరాట చరిత్రలో ఈ వివరాలు రాశాడు. నైజాం కింద లేని మునగాల జమీందారీలోనూ వెట్టి ఉంది. 1930ల్లో ఇక్కడి రైతులు దాని మీద ఉద్యమించారు. దొరల గడిలో పండగకు ఊరు ఖర్చు పెట్టడం ఆగాకే చాలా ఇళ్లకు తమ పండగ తమకు దక్కింది.

కాలువ వచ్చాక

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, నడిగూడెం ప్రాంతాల మీదుగా సాగుతుంది. జొన్నచేలు వరిమళ్లయ్యాయి, మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరైంది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో కాలువ లేని ఊరి పొయ్యి మీదకూ వరన్నం ఎక్కింది. జొన్నరొట్టె ఇప్పుడు పట్టణాల్లో సాయంత్రం బండి దగ్గర కొనుక్కునేది.  

అన్నం రోజూ దొరికేటప్పటికి పండగను వేరుచేసే పని నూనె, బెల్లం, శ్రమ మీద పడింది. శ్రమ కూడా తగ్గుతూ వచ్చింది. రోలు పోయి పిండిమర వచ్చింది. 1999లో మొదలైన దీపం పథకంతో పల్లె ఇళ్లకు గ్యాసు చేరింది, అరిసెల మూకుడు మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ వాకిట్లో కట్టెల పొయ్యి మీదే. కోదాడ, సూర్యాపేటల్లో స్వగృహ దుకాణాలు వెలిశాయి. అమెరికాలోని పిల్లలకు వెళ్లే డబ్బాల్లో సకినాలు, అరిసెలు చాలావరకు ఆ దుకాణాల్లో తూకానికి కొన్నవే. దుకాణం తీసుకున్నది నెల రోజులు నిలవ ఉండేవాటినే. సద్దులు, మలీద, ముద్దపప్పు మర్నాటికి రుచి మారిపోతాయి కాబట్టి అవి ఇంకా ఇంట్లోనే వండుతున్నారు.