గుండెపోటు తర్వాత వ్యాయామం – గుండెకు రక్తసరఫరా

గుండెపోటు నుంచి కోలుకున్నాక డాక్టర్ల పర్యవేక్షణలో క్రమంగా చేసే వ్యాయామం గుండె కండరానికి రక్తం అందే తీరును మెరుగుపరుస్తుంది. చచ్చుబడిన కండరం మాత్రం దీనితో తిరిగి రాదు. అక్కడ మచ్చ మిగులుతుంది. మేలు జరిగేది బతికి ఉన్న భాగానికే.

గుండెకు రక్తం తెచ్చేవి కరోనరీ ధమనులు. విశ్రాంతిలో వీటి గుండా నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్లు ప్రవహిస్తుంది. ఆరోగ్యవంతుల్లో గట్టి శ్రమ చేసేటప్పుడు అది మూడు నాలుగు రెట్లవుతుంది. కాళ్ల కండరాలు అవసరమైతే వచ్చిన రక్తం నుంచే మరింత ఆక్సిజన్ లాక్కోగలవు. గుండెకు ఆ వెసులుబాటు లేదు. ఊరికే కూర్చున్నప్పుడే అది 70–80 శాతం ఆక్సిజన్ తీసేసుకుంటుంది. కాబట్టి శ్రమ పెరిగితే రక్తమూ పెరగాల్సిందే.

చిక్కు ఇక్కడే వస్తుంది. జబ్బుపడిన ధమని శ్రమ సమయంలో విచ్చుకోవడానికి బదులు బిగుసుకోవచ్చు. నాళం లోపలి పొర చాలినంత నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయలేకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. వ్యాయామంలో వేగంగా పారే రక్తం గోడలను ఒరుసుకుంటూ పోవడంతో ఆ పొర మళ్లీ పని అందుకుంటుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో రైనర్ హాంబ్రెక్ట్ బృందం కరోనరీ వ్యాధి ఉన్నవారితో రోజుకు ఆరుసార్లు, పదేసి నిమిషాల చొప్పున వ్యాయామం చేయించింది. నాలుగు వారాలకే నాళాల బిగువు తగ్గి ప్రవాహం మెరుగైందని 2000లో ప్రకటించింది.

శిక్షణతో నాడి వేగమూ తగ్గుతుంది. ఎడమ జఠరిక గోడకు రక్తం ఎక్కువగా చేరేది గుండె వదులైనప్పుడు కాబట్టి, నాడి నెమ్మదిస్తే ఆ వ్యవధి పెరుగుతుంది. అవే మెట్లు ఎక్కినా గుండెకు పట్టే శ్రమ తక్కువ. అయితే పూడికలు నడకతో కరిగిపోతాయన్న ప్రచారాన్ని నమ్మనక్కర్లేదు.

రోజూ అరగంట కట్టెలు కోసిన ఒక రోగికి ఛాతీనొప్పి దాదాపు నయమైందని లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 18వ శతాబ్దంలోనే గమనించాడు. అయినా 20వ శతాబ్దం మధ్య వరకు గుండెపోటు రోగులను వారాల తరబడి మంచానికే పరిమితం చేశారు. 1952లో బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టడమే అప్పట్లో సాహసం!

మన దేశంలో 24 ఆసుపత్రులలో 3,959 మంది గుండెపోటు రోగులపై యోగాను పరీక్షించిన ‘యోగా-కేర్’ ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు తగ్గినట్టు అది తేల్చలేకపోయింది. తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవారు మాత్రం యోగా చేసినవారిలో ఎక్కువ.

డిశ్చార్జి అయ్యాక ఎంత నడవాలో ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయించాలి. సాధారణంగా మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి లాగినా, చెమటలు పట్టినా వెంటనే ఆగి కూర్చోవాలి. డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకుని, నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.