రాజీ - రజామందీ

జబ్బు చేస్తే తెలంగాణ పల్లె 'దవాఖాన'కు పోతుంది. అన్యాయం జరిగితే 'వకీలు'ను పెట్టుకుంటుంది, 'ఫిర్యాదు' చేస్తుంది. ఓపిక నశిస్తే 'రాజీ' పడుతుంది. కొడకండ్లలో మగ్గం మీద బతికే పద్మశాలీకీ, అదే ఊరి సాయిబుకూ ఈ మాటలు ఒక్కటే. ఉర్దూను పరాయి భాష అనేవాళ్ళు కూడా ఈ మాటలతోనే న్యాయం అడుగుతారు.

ఈ కుదురులోనే ఇంకో మాట ఉంది: రజామందీ. అంటే విని, తెలుసుకుని, ఇష్టపడి ఒప్పుకోవడం. రాజీ, రజామందీ ఒకే అరబ్బీ ధాతువు బిడ్డలు. మన పల్లెకు రాజీ ఒక్కటే దక్కింది. రజామందీ ఎందుకు దక్కలేదు?

హైదరాబాద్‌లో 1846లో మొదలైన మెడికల్ స్కూలు ఉర్దూలో పాఠం చెప్పింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక దారుల్ తర్జుమా వైద్య గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. దేశభాషలో వైద్యం నేర్పవచ్చని నిరూపించిన ఆ పనిని చూసి మనం గర్వపడాల్సిందే. కానీ ఆ రాజ్యంలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. వాళ్ళకు ఉర్దూ కాగితం సర్కారు కాగితమే, వేలిముద్ర వేయాల్సిన కాగితమే. నిజాం పోయాడు, ఉర్దూ పోయింది, ఇంగ్లీషు వచ్చింది. వేలిముద్ర మాత్రం పోలేదు. ఇప్పుడు ఆ కాగితం ముందు తెలుగువాడూ తురకవాడూ సమానంగా నిరక్షరాస్యులే. నవాబుల వారసులమట మనం!

అప్పట్లో వరంగల్ జిల్లాలో ఉన్న కొడకండ్లకు పొరుగు జిల్లా ఖమ్మం. 2009లో అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. చాలామంది హాస్టళ్ళలో చదివే ఆదివాసీ పిల్లలు. కొందరు చనిపోయారు. 2010లో కార్యక్రమం ఆగింది. ఆ చావులకు టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ సంఘం చెప్పింది. కానీ ఒప్పుకోలు సంగతి? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం లెక్క చెప్పింది: ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులు బతికుండగా వార్డెన్ ఒప్పుకుంటే అది ఎవరి రజామందీ?

చదువుకున్నవాడికైనా దారి సులువు కాదు. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఆపరేషన్ జరిగింది. బయాప్సీకి ఒప్పుకుంటే కణితినే తీశారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. తన కేసు తానే వాదించుకున్న ఆ మనిషికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. మగ్గం మీద రోజుకూలీ తెచ్చుకునేవాడు అన్నేళ్ళు నిలబడగలడా?

నిలబడదామన్నా తలుపు మూసే ఉంది. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. మంచిదే. కానీ అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే దవాఖానలను ఆ చట్టం బయటే ఉంచింది. 2019లో వచ్చిన కొత్త చట్టం కూడా ఉచిత సేవను సేవగా లెక్కించదు. డబ్బు కట్టినవాడు వినియోగదారుడు. కట్టలేనివాడు ఎవరు? దయ పొందినవాడా? సివిల్ కోర్టు ఉందిగా అంటారు. ఆ మెట్లెక్కే స్తోమత ఉంటే సర్కారు దవాఖానకు ఎందుకు పోతాడు?

అందుకే శవాన్ని గేటు ముందు పెట్టి కూర్చుంటారు. కోపంతో అద్దాలు పగులుతాయి, డాక్టరు మీద చెయ్యి పడుతుంది. 2008 చట్టం ప్రకారం అది జైలుకు పంపే నేరం. పంపాల్సిందే, రాత్రంతా మేలుకున్న జూనియర్ డాక్టరు కూడా కూలీవాడే. చివరికి పెద్దమనుషులు వస్తారు, ఎంతోకొంత చేతిలో పెడతారు, రాజీ అంటారు. ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. 2002 సవరణతో వచ్చిన శాశ్వత లోక్ అదాలత్ పరిధిలో దవాఖాన సేవలు కూడా ఉన్నాయి. కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తీర్పే చెబుతారు. దాన్ని వాడుకుందాం.

అంతకంటే ముందు అడగాల్సింది మాట. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది. ఆ గౌరవం బోర్డుల మీద ఆగిపోకూడదు. ఆపరేషన్ కాగితాన్ని తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించాలి. చదివినవాళ్ళ పేరు దాని మీద ఉండాలి. ఒక నకలు రోగి చేతిలో ఉండాలి. ఇది ముస్లింల కోసమే అడిగేది కాదు, వేలిముద్ర వేసే ప్రతి చేతి కోసం అడిగేది. రాజీ పడే రోజు రాకుండా ఉండాలంటే ముందు రజామందీ అడగాలి.