సఫర్ నుంచి సఫారీ దాకా

టీవీలో మసాయి మారా సఫారీ చూస్తున్నం. సింహాలు, జిరాఫీలు, ఎర్ర దుప్పట్లు కప్పుకున్న మసాయిలు. మా ఖాలా నా చిన్న బేటీ వైపు తిరిగి "హబ్షీ పిల్లా, మీ ఊరొచ్చింది చూడు" అని నవ్వింది. పిల్ల ముఖం చిన్నబోయింది.

రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన. సఫారీ తూర్పు ఆఫ్రికా స్వాహిలీ మాట. అరబ్బీ సఫర్ నుంచి పుట్టింది. మన ఇంట్లో అనే సఫరే అది. హబ్షీ అంటే హబ్షా మనిషి, ఇప్పటి ఇథియోపియా వైపువాడు. మక్కాలో జుల్మ్ భరించలేక 615లో తొలి ముస్లింలు హిజ్రత్ చేసింది అక్కడికే. పనాహ్ ఇచ్చింది అక్కడి బాద్‌షా నజాషీ. తొలి ముఅజ్జిన్ హజ్రత్ బిలాల్ కూడా హబ్షీయే.

అంత దూరమెందుకు? మన కేతేపల్లి పొలాలకు పారే మూసీ హైదరాబాద్ మీదుగానే వస్తుంది. ఆ షహర్‌లో ఏసీ గార్డ్స్ మొహల్లా ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. పాలమూరులోని వనపర్తి రాజా కొలువులో ఉన్న ఆఫ్రికా సిపాయిలు నిజాం ఫౌజులో చేరి, గుర్రాల మీద ఆయనకు పహరా కాసిన్రు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆ ఫౌజు పోయింది, నౌకరీలు పోయినయ్. ఖాందాన్లు మాత్రం అక్కడే మిగిలినయ్. మన షాదీల్లో మోగే మర్ఫా ఆ సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన చావుష్‌లు ఇచ్చిన తోఫా. గోల్కొండ నయా ఖిలాలోని హథియాఁ కా ఝాడ్ కూడా ఆఫ్రికా బావోబాబ్ చెట్టే.

అంతా విని బేటీ అడిగింది: "అబ్బా, మరి అది గాలీ ఎట్లయింది?"

జవాబు దొరకలే. పొద్దున ఖాలాను కూడా కూర్చోబెట్టి ఇదంతా మళ్లీ చెప్పిన.