ఆంధ్ర లూథరన్ విశ్వాసులు

గుంటూరు బ్రాడీపేటలో కేంద్ర కార్యాలయమున్న ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది. మానవుడు క్రియల వల్ల గాక విశ్వాసం వల్లనే నీతిమంతుడిగా ఎంచబడతాడన్న మార్టిన్ లూథర్ బోధ దీనికి ఆధారం. దీని మూలాలు 1842 జూలై 31న గుంటూరు చేరిన జర్మన్ సంతతి అమెరికన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ సేవలో ఉన్నాయి. సంఘంలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు. ఊరి జాతరలో డప్పు కొట్టబోమన్నందుకూ, ఆదివారం పనికి రామన్నందుకూ భూస్వాములు బావి నీళ్లూ, కూలి పనీ ఆపేసిన ఉదంతాలు పొరుగునున్న ఒంగోలు బాప్టిస్టుల చరిత్రలో స్పష్టంగా నమోదయ్యాయి, లూథరన్ పల్లెల సామాజిక స్థితీ అంతకు భిన్నం కాదు.

అంతకంటే దీర్ఘకాలికమైన చిక్కు చట్టం నుంచి వచ్చింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేయగా, 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ అది దక్కింది; దళిత క్రైస్తవులకు మాత్రం దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వీరిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. విశ్వాసాన్ని బాహాటంగా ప్రకటించడానికి చెల్లించవలసిన మూల్యం ఇక్కడ కులధ్రువీకరణ పత్రం మీదే కనిపిస్తుంది.

అమెరికా లూథరన్ల ఆరాధన పంచాంగంలో నవంబరు 7 హయ్యర్ స్మారక దినం; బావి నీళ్లకు దూరమైన పల్లె విశ్వాసులకు అందులో తేదీ లేదు.