బ్లాకవుట్ రాత్రుల్లో మా గస్తీ

1971 డిసెంబరు. విశాఖపట్నంలో మేము తొమ్మిదో తరగతి. పొద్దుగూకితే ఊరంతా బ్లాకవుట్. కిటికీలకు నల్లకాగితాలు, బళ్ల హెడ్‌లైట్లకు సగం నల్లరంగు. మా డ్రిల్లు మాస్టారు వీధి పెద్దలతోపాటు మమ్మల్నీ గస్తీకి తీసుకెళ్లేవారు. "లైటార్పండి!" అని కేకేయడం మాకు పెద్ద హోదా.

3వ తేదీ అర్ధరాత్రి పెద్ద చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. కొద్ది రోజులకు తెలిసింది, మన విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిందని. నీటిపై తేలిన శకలాలు చూసి నౌకాదళానికి కబురందించింది మన జాలర్లే.

ఇక మా కంటికి ప్రతి కొత్తమనిషీ గూఢచారే. ఒకరాత్రి టార్చిలైటుతో సందుల్లో తిరుగుతున్న ఒకాయన్ని చుట్టుముట్టాం. చొక్కా పట్టుకున్నది నేనే. మాస్టారు వచ్చి నెమ్మదిగా అడిగితే తేలింది, ఇంట్లో భార్యకు నొప్పులు, ఆయన మంత్రసాని ఇల్లు వెతుకుతున్నాడు. మాస్టారు నన్ను తిట్టలేదు. "టార్చికి చెయ్యి అడ్డంపెట్టి దారి చూపించరా" అన్నారు. మంత్రసాని గడపదాకా తల దించుకునే నడిచాను.

బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర ఆగినప్పుడల్లా ఆ రాత్రి గుర్తొస్తుంది. జాలర్లు చూసింది చూసినట్టు చెప్పవలసినవారికి చెప్పారు. నేను చూడనిది ఊహించుకుని చొక్కా పట్టుకున్నాను. దేశభక్తి మా ఇద్దరికీ ఉంది. వీధికి పనికొచ్చింది మాత్రం వాళ్లదే. ఆ తేడా నాకు నేర్పింది మన బడి మాస్టారే.